నవ్వితే చిగుళ్ళు కనిపించేవి: బెంగళూరులో క్రౌన్ లెంగ్తెనింగ్ చేయించుకున్న నా అనుభవం

2025 జనవరి 18, శనివారం. మారతహళ్ళిలో మా అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న డెంటల్ క్లినిక్‌కి వెళ్ళాను. నాకు ముప్పై నిండాయి. గట్టిగా నవ్వితే పై చిగుళ్ళు బాగా బయటపడేవి, పళ్ళేమో పొట్టిగా, నలుచదరంగా ఉండేవి. పదో తరగతి గ్రూప్ ఫోటో దగ్గర్నుంచి పెదాలు బిగించే నవ్వుతున్నాను. ఎవరో ఏదో అన్నారని కాదు, పెళ్ళి చూపుల కోసమూ కాదు. నవ్వొచ్చిన ప్రతిసారీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం విసుగొచ్చింది, అంతే. ఇదే ఇబ్బందితో ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళకి ముందూ తరవాతా ఫోటోలే దొరుకుతాయి, మధ్యలో జరిగేది దొరకదు. ఆ మధ్యలోది రాస్తున్నాను. నేను చేయించుకున్నది క్రౌన్ లెంగ్తెనింగ్, అంటే పంటిని కప్పేసిన చిగురునీ, అవసరమైతే దాని వెనకున్న ఎముకనీ కొంత తీసి, పన్ను పొడుగ్గా కనిపించేలా చేసే సర్జరీ.

క్లినిక్‌లో పని చకచకా అయిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి "స్మైల్ మేడమ్" అన్నారు. నేను ఫోటోలకి నవ్వే నవ్వు నవ్వాను. కాసేపటికి టీవీ తెర మీద నా మొహానికి కొత్త పళ్ళు పెట్టి చూపించారు. లేజర్‌తో చిగుళ్ళు కత్తిరించి, పైన ఎనిమిది పళ్ళకి వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పలచటి పెంకులు) వేస్తారట. వెనీర్ ఒక్కోటి ₹12,000, లేజర్‌కి ₹16,000, మొత్తం ₹1,12,000. పై పెదవి పలచగా ఉంది కాబట్టి అది నిండుగా కనిపించడానికి ఫిల్లర్ ఇంజెక్షన్ కూడా వేయించుకుంటే బాగుంటుందని, ఆ రోజే అడ్వాన్స్ కడితే అది సగం ధరకే ఇస్తామని చెప్పి, ఈఎంఐ కాగితం ముందు పెట్టారు.

నా పళ్ళలో ఒక్కటి కూడా పుచ్చలేదు. వెనీర్ వేయాలంటే చాలాసార్లు పంటి పైపొర కొంత అరగదీయాలి, అరగదీసిన ఎనామెల్ మళ్ళీ పుట్టదు. బాగున్న ఎనిమిది పళ్ళని అరగదీయించుకోవడానికి మనసొప్పలేదు. "అసలు చిగుళ్ళు ఎందుకింత కనిపిస్తున్నాయి?" అని అడిగాను. "అది మీ స్మైల్ టైప్ మేడమ్" అన్నారు. ఎందుకు అని అడిగితే రకం పేరు చెప్పి ఊరుకున్నారు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. తరవాత రెండు వారాలు వాళ్ళ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఆఫర్ రేటుతో సహా.

మా ఆఫీసులో ఒకావిడ డెంటల్ కాలేజీలో చిగుళ్ళ విభాగానికి వెళ్ళమంది. "టైమ్ పడుతుంది, కానీ కొలిచి చెబుతారు" అంది. ఫిబ్రవరి 3, సోమవారం సెలవు పెట్టి వెళ్ళాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు, సిల్క్ బోర్డ్ దగ్గర మామూలు నరకం. తొమ్మిదికి చేరాలనుకుంటే పదిన్నర అయింది. ఓపీ చీటీకి ₹100. ముందు ఒక హౌస్ సర్జన్ కుర్రాడు నా జాతకమంతా రాసుకున్నాడు: బీపీ, షుగర్, మందులు, గర్భం, అలర్జీ. తరవాత మధ్యాహ్నం దాకా బెంచీ మీదే. కాలేజీకి వెళ్ళేవాళ్ళు ఇది ముందే తెలుసుకోండి. అక్కడ డబ్బు మిగులుతుంది, సెలవులు ఖర్చవుతాయి. నెలకో సెలవు పక్కన పెట్టుకోగలిగితేనే ఈ దారి పట్టండి.

నన్ను చూసిన పీజీ డాక్టర్ కర్నూలు అమ్మాయి. మాది హిందూపురం అని తెలిశాక మేడమ్ పోయి అక్కా వచ్చింది. నాకు తెలుగులో అన్నీ వివరంగా చెప్పే మనిషి దొరకడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద అదృష్టం. ఆ అమ్మాయి మొదట నోరు తెరవమనలేదు. "అమ్మా అని, పెదాలు వదిలేయక్కా" అంది. పెదాలు వదులుగా ఉన్నప్పుడు పై పళ్ళు ఎంత కనిపిస్తున్నాయో స్కేలు పెట్టి కొలిచింది. 3 మి.మీ. ముక్కు అడుగు నుంచి పై పెదవి అంచు దాకా కొలిచింది. 21 మి.మీ. ఆడవాళ్ళకి 20 నుంచి 22 మామూలేనట. అంటే నా పెదవి పలచగా ఉంటే ఉందేమో గానీ పొట్టి కాదు. తరవాత ఫోటో నవ్వు నవ్వమంది. నవ్వాను. కనిపించిన చిగురు ఒక మిల్లీమీటరు కూడా లేదు.

"ఇది కాదక్కా నీ నవ్వు" అంది.

ఫోన్‌లో వీడియో పెట్టి, పక్కనున్న ఇద్దరు పీజీలని పిలిచి వాళ్ళ హాస్టల్ మెస్ కబుర్లు మొదలుపెట్టింది. సాంబారులో ఏం దొరికిందో ఒక అబ్బాయి చెబుతుంటే నేను పగలబడి నవ్వాను. ఆ వీడియో ఆపి, ఫ్రేము ఫ్రేముగా వెనక్కి జరిపి, అన్నిటికంటే పెద్ద నవ్వు దగ్గర నిలబెట్టి కొలిచింది. చిగురు 5 మి.మీ., ఎడమ వైపు ఇంకొంచెం ఎక్కువ. పదిహేనేళ్ళుగా నేను అలవాటు చేసుకున్న నవ్వు అసలు కొలతని దాచేస్తోంది. క్లినిక్‌లో తీసిన ఫోటోలన్నీ ఆ దాచిన నవ్వువే. మీరు ఎక్కడికి వెళ్ళినా సరే, అప్రయత్నంగా నవ్వినప్పటి వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. ఇంట్లోవాళ్ళు తీసిన పుట్టినరోజు వీడియో అయినా చాలు.

లెక్క అక్కడితో ఆగలేదు. నా ముందరి పన్ను బయటికి కనిపించే ఎత్తు 8 మి.మీ., వెడల్పు 8.5. మామూలుగా ఆ పన్ను 10, 11 మి.మీ. ఎత్తుంటుంది, వెడల్పు ఎత్తులో 75 నుంచి 80 శాతం ఉంటుంది. నాది ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ. పన్ను 8, చిగురు 5, కలిపి 13. పెదవి కదలకుండానే కనిపించేవి 3. అంటే నవ్వినప్పుడు నా పై పెదవి 10 మి.మీ. లేస్తోంది. 6 నుంచి 8 దాకా మామూలట. కాబట్టి నా సంగతిలో రెండున్నాయి. చిగురు పళ్ళని కప్పేసింది, పెదవి ఎక్కువ లేస్తోంది. ఈ రెండూ వేరు, రెండింటికీ మందూ వేరే. ఒక్క లేజర్‌తో రెండూ పోవు.

వారం తరవాత, ఫిబ్రవరి 10న ప్రొఫెసర్ గారికి చూపించడానికి రమ్మన్నారు. ఆ రోజే పళ్ళ క్లీనింగ్ చేశారు (₹500), పళ్ళు సరిచేసే విభాగంలో మొహం పక్క నుంచి ఎక్స్‌రే, పళ్ళన్నీ కనిపించే ఎక్స్‌రే తీశారు (రెండూ కలిపి ₹600). పై దవడ ఎముక నిలువుగా ఎక్కువ పెరిగితే కూడా చిగుళ్ళు ఇలాగే కనిపిస్తాయట, అప్పుడు దవడ ఆపరేషన్ మాట వస్తుంది. నాకు మొహంలో పై భాగం, మధ్య భాగం, కింది భాగం దాదాపు సమానంగా ఉన్నాయి. దవడ తప్పేమీ లేదన్నారు. ఆ మాట వినేదాకా గుండె దడదడలాడుతూనే ఉంది.

ఫోటోలు తీసే గది అక్కడ అన్ని విభాగాలకీ ఒకటే. అందుకని ఆ గది బయట బెంచీ మీద రకరకాల నవ్వులవాళ్ళు కూర్చుని ఉంటారు. నా పక్కన ఒక డిగ్రీ అమ్మాయి, ఎంత నవ్వినా పై పళ్ళు సగం కూడా కనిపించవని ఆమె దిగులు. నేను చిగుళ్ళు దాచడానికి వచ్చాను, ఆమె పళ్ళు కనిపించాలని వచ్చింది. ప్రొఫెసర్ గారు మా ఇద్దరికీ కలిపే చెప్పారు, కన్నడం, తెలుగు కలిపి. పై పళ్ళన్నీ కనిపించి ఆపైన చిగురు కూడా పట్టీలా కనిపిస్తే ఎత్తు నవ్వు, ముప్పాతిక నుంచి పూర్తిగా పళ్ళు కనిపిస్తే మధ్యరకం, ముప్పాతిక కంటే తక్కువైతే దిగువ నవ్వు. 1984లో ట్జాన్, మిల్లర్ అనే పరిశోధకులు ఇరవైల్లో ఉన్నవాళ్ళ నవ్వులు కొలిస్తే దాదాపు 69 శాతం మధ్యరకం, 20 శాతం దిగువ, పదిన్నర శాతం ఎత్తు నవ్వు తేలాయట. ఎత్తు నవ్వు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో రెట్టింపు. "మూడూ జబ్బులు కావమ్మా" అన్నారాయన. నూటికి పదిమందికి ఉన్నదాన్ని నేను ఇన్నేళ్ళూ నా ఒక్కదానికే ఉన్నట్టు మోశానా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ డిగ్రీ అమ్మాయికి చికిత్స ఏమీ వద్దని, పంటి అంచులు కాస్త పొడుగు చేసే ఆలోచన కూడా ఇప్పుడే పెట్టుకోవద్దని పంపించేశారు.

అదే బెంచీ మీద మదనపల్లె నుంచి వచ్చిన ఒక తాతగారు, పక్కన ఆయన భార్య. పూర్తి కట్టుడు పళ్ళు చేయించుకుంటున్నారు. ఆ రోజు మైనం మీద పళ్ళు అమర్చి నోట్లో పెట్టి చూస్తున్నారు. డాక్టర్ ఆయన చేత ఫ, వ అనే అక్షరాలు వచ్చే మాటలు పలికించాడు. పై పళ్ళ అంచు కింది పెదవికి తగిలే చోటుని బట్టి ఎత్తు తెలుస్తుందట. పెద్దాయన ముందు పళ్ళు బాగా కనిపించేలా పెట్టమన్నాడు. పెట్టి చూపిస్తే ఆవిడకి నచ్చలేదు. సంచిలోంచి కొడుకు పెళ్ళి ఫోటో తీసి, "ఈయన మాట్లాడితే కింది పండ్లు కనబడాల. ఇంత తెల్లగా వొద్దు. ఈ పక్క పన్ను కొంచెం తిరిగి ఉండాల" అంది. డాక్టర్ ఆ ఫోటో చూస్తూ పై పళ్ళు పైకి జరిపి, పక్క పన్ను కొద్దిగా తిప్పి అమర్చాడు. ఆయన నవ్వితే ఆవిడ "ఆ, ఇదీ" అంది. వయసుతో పై పెదవి కిందికి జారుతుందని, పై పళ్ళు తక్కువ, కింది పళ్ళు ఎక్కువ కనిపిస్తాయని మా కర్నూలు డాక్టర్ తరవాత చెప్పింది. 1978లో విగ్, బ్రుండో అనేవాళ్ళు కొలిచారట. పెదవి కదలకుండా ఉన్నప్పుడు కనిపించే పై పన్ను ముప్పై లోపు వాళ్ళలో సగటున 3.37 మి.మీ. ఉంటే, అరవై దాటినవాళ్ళలో ఏమీ లేదు. ఆ అంకె నా మనసులో పడిపోయింది. తరవాత నా నిర్ణయానికి పనికొచ్చింది కూడా.

ఇక స్కాన్. బయట ఒక సెంటర్లో సీబీసీటీ (పళ్ళనీ ఎముకనీ అన్ని వైపుల నుంచీ చూపించే ఎక్స్‌రే స్కాన్) తీయించుకురమ్మన్నారు, ₹2,800. తీసేటప్పుడు పెదాలు చిగుళ్ళకి అంటకుండా ప్లాస్టిక్ క్లిప్పు పెట్టాలి, లేకపోతే చిగురు, పెదవి కలిసిపోయి ఒక్కటిగా కనిపిస్తాయని డాక్టర్ చీటీ మీద రాసిచ్చింది. సెంటర్‌లో అబ్బాయి అది చదవకుండానే మిషన్‌లో నిలబెట్టాడు. నేను గుర్తుచేశాక క్లిప్పు వెతికి తెచ్చాడు. మీ చీటీ మీద ఏం రాశారో మీరూ చదువుకుని వెళ్ళండి.

ఆ స్కాన్‌లో బయటపడిందే మొత్తం కథకి కీలకం. నా పళ్ళు పొట్టివి కావు. ఎనామెల్ ఎక్కడ ముగుస్తుందో చూస్తే పన్ను పూర్తి ఎత్తులోనే ఉంది, పైవైపు రెండున్నర మిల్లీమీటర్లు చిగురు కప్పుకుంది. పళ్ళు వచ్చాక చిగురు మెల్లగా వెనక్కి తగ్గాలి, నాకు అది మధ్యలోనే ఆగిపోయింది. దాంతోపాటు ఎముక కూడా ఎనామెల్ అంచుకి దాదాపు ఆనుకునే ఉంది. మామూలుగా ఆ రెండింటి మధ్య ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కేస్ షీట్ మీద "1బి" అని రాశారు, అంటే చిగురు ఎక్కువగా ఉండి, ఎముక కూడా ఎనామెల్ అంచు దాకా ఉన్న రకం. 1977లో కాస్లెట్ వాళ్ళు చేసిన విభజన అది. చిగురు పంటికి అతుక్కోవడానికి ఎముక పైన కొంత చోటు కావాలి. 1961లో గార్గ్యూలో బృందం కొలిచిన సగటు 2.04 మి.మీ. ఆపైన చిన్న సందు ఉంటుంది. మొత్తం ఎముక నుంచి చిగురు అంచు దాకా మూడు మిల్లీమీటర్ల చోటు వదలాలి. ఎముక ముట్టుకోకుండా ఉత్త చిగురు కోస్తే, శరీరం తనకి కావలసిన చోటు మళ్ళీ తీసుకుంటుంది, చిగురు తిరిగి పెరుగుతుంది. అంటే లేజర్‌కి ₹16,000 పోసినా కొన్ని నెలల్లో మొదటికొచ్చేది. మధ్యలో వెనీర్లు వేసి ఉంటే వాటి అంచుల దగ్గర చిగురు ఎర్రగా వాచి ఉండేది. ఈ ఒక్క స్కాన్ గురించి మాత్రం ఎవరైనా అడిగితే నేను గట్టిగా చెబుతాను. ఎముక ఎక్కడుందో చెప్పకుండా చిగురు కోస్తామనేవాళ్ళ కుర్చీలో కూర్చోవద్దు.

క్లీనింగ్ తరవాత చిగుళ్ళు కుదుటపడటానికి నెల ఆగమన్నారు. ఆ నెలలో రక్త పరీక్షలు (₹900), నోటి అచ్చులు. మార్చి 10న నమూనా వేసి చూపించారు. అచ్చు మీద మైనంతో పొడుగు పళ్ళు చేసి, దాన్నుంచి పుట్టీ అచ్చు తీసి, అందులో పంటి రంగు రెసిన్ పోసి నా పళ్ళ మీద నొక్కారు. రెసిన్ చిగుళ్ళ మీదికి కూడా ఎక్కి, అద్దంలో పళ్ళు సర్జరీ అయిపోయినట్టే కనిపించాయి. మొదటి క్షణం భయమేసింది, ఆ మొహం నాది కాదనిపించింది. మాట్లాడించారు, నవ్వించారు, వీడియో తీశారు. ప్రొఫెసర్ గారు "జోరాగి నగమ్మా" (గట్టిగా నవ్వమ్మా) అంటూ ఎడమ వైపు, కుడి వైపు చూశారు. పై పళ్ళ అంచుల వరస కింది పెదవి వంపుతో పాటు సాగాలి, అది చెడకూడదన్నారు. ముందు పన్నుకి 11 మి.మీ. అనుకున్నది నా పంటి పూర్తి ఎత్తుకి మించుతుందని 10.5 దగ్గర ఆపారు. నవ్వినప్పుడు రెండున్నర మిల్లీమీటర్ల చిగురు ఇంకా మిగులుతుంది కదా అని అడిగాను. 1999లో కోకిచ్ అనే పరిశోధకుడి బృందం, చిగురు ఎక్కువ తక్కువలుగా కనిపించేలా మార్చిన ఫోటోలు చూపించి అడిగితే పళ్ళు సరిచేసే డాక్టర్లు 2 మి.మీ. చిగురుకే వంక పెట్టారట, మామూలు జనం 4 దాకా గమనించలేదట. "నిన్ను చూసేది మా డాక్టర్లు కాదు కదక్కా" అంది కర్నూలు అమ్మాయి. వీడియో అమ్మకి పంపిస్తే, "పండ్లు పెద్దవైనాయి కదే, బాగుండావులే" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

మార్చి 19, బుధవారం సర్జరీ, అదే క్రౌన్ లెంగ్తెనింగ్. ఒక కోరపన్ను నుంచి రెండో కోరపన్ను దాకా, వాటి పక్కన చెరొకటి, మొత్తం ఎనిమిది పళ్ళు. పంటికి ₹1,000 చొప్పున ₹8,000 ముందే కౌంటర్‌లో కట్టాలి, కార్డు తీసుకోరు. కడుపు నిండా తిని రమ్మన్నారు, మా అక్క ఉప్మా తినిపించి పంపింది. మత్తు ఇంజెక్షన్లు పై పెదవి లోపల, ముక్కు కింద వేసినప్పుడు కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అన్నిటికంటే నొప్పి అదే. ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటుంది, గుండె ఒక్కసారిగా పరుగెత్తింది, చేతులు వణికాయి. ఇలా అవుతుందని నాకు ముందు తెలియదు, ఏదో అయిపోతోందని హడలిపోయాను. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుందని చెప్పి డాక్టర్ నా భుజం పట్టుకుని నిలబడింది. నిజంగానే తగ్గింది.

ఆ తరవాత నొప్పి లేదు. శబ్దాలే ఉన్నాయి. ముందే చేసిన ప్లాస్టిక్ తొడుగు పళ్ళ మీద పెట్టి, దాని అంచు వెంబడి చిగురు కోశారు. చిగురుని పొరలా పైకి ఎత్తి, ఎముకని నీళ్ళు చిమ్ముతూ సన్న బర్రుతో (గిర్రున తిరిగే డ్రిల్లు మొనతో) అరగదీశారు. చివర్లో చేతి పనిముట్టుతో గీకారు, ఆ గీకుడు పుర్రె లోపల వినిపిస్తుంది. మూడు సార్లు ఆపి కొలిచారు, ప్రతి పంటికీ ఎనామెల్ నుంచి ఎముక దాకా. రెండు గంటలు దాటింది. దవడ పట్టేసింది. కుట్లు వేసి, గులాబీ రంగు ముద్ద ఒకటి పళ్ళకీ చిగుళ్ళకీ అంటించారు. బయటికొచ్చేసరికి పై పెదవి ఉందో లేదో తెలియదు. ఆటోలో మాస్క్ పెట్టుకుని ఇంటికొచ్చాను.

వాపు మొదటి రోజు కాదు, రెండో రోజు చూడాలి. పై పెదవి ముక్కుని తాకేలా లేచింది, చెంప మీద పసుపు నీలం మచ్చ. మా అక్క కొడుకు నన్ను చూసి తలుపు వెనక దాక్కున్నాడు. ఐస్ మొదటి రోజే పెట్టాను. నొప్పి మాత్రలు మూడో రోజు మధ్యాహ్నానికి మానేశాను. యాంటీబయాటిక్‌తో సహా మందులకి ₹700 అయింది. పెదవి ఎత్తి అద్దంలో చూసుకోవద్దని చెప్పారు, కుట్లు లాగుతాయి. చాలా కష్టమైన నియమం అది. పళ్ళు తోమడం లేదు, పై వరసకి క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతే. చల్లారిన రాగి జావ, మజ్జిగన్నం, మెత్తటి పప్పన్నం. ఆ పుక్కిలింతకి నాలుక రుచి చచ్చిపోయింది, ఉప్పు అసలు తెలియదు, ఉప్పు చాలలేదని అక్కతో పోట్లాడాను. పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడ్డాయి. మరకలు పోవనుకుని ఒక రాత్రంతా నిద్రపోలేదు. ఏప్రిల్‌లో పాలిష్ చేస్తే పది నిమిషాల్లో పోయాయి. ఆ ముద్దలో ఒక ముక్క ఆదివారం ఊడి చేతిలోకొచ్చింది. అలా ఊడితే పరిగెత్తక్కర్లేదు, రక్తం కారితేనే రమ్మన్నారు.

శుక్రవారం దాకా సెలవు పెట్టాను, సోమవారం నుంచి ఇంటి నుంచే పని, కెమెరా ఆపి. ఫ, వ పలికితే గాలి పోయినట్టు ఉండేది. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ప్రమాదమైతే తప్ప పళ్ళకి ఇవ్వరని తేలింది, కాబట్టి అక్కణ్ణుంచీ డబ్బు రాలేదు.

మార్చి 29న కుట్లు విప్పారు. అప్పుడే మొదటిసారి చూసుకున్నాను. పళ్ళు పొడుగ్గా, చిగురు అంచు ఎర్రగా, పచ్చిగా. మర్నాడు ఉగాది. సాయంత్రం బండికి హిందూపురం వెళ్ళాను. ఉగాది పచ్చడిలో మామిడి ముక్కలు తీసేసి రసం మాత్రం నాకిచ్చారు. ఓళిగ పాలల్లో నానబెట్టి తిన్నాను. మా నాయన చాలాసేపు చూసి, "నీకు పండ్లు ఉండాయే!" అన్నాడు. ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను, కుట్లు లాగినచోట చురుక్కుమంది.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. మన చిగుళ్ళు చాలామందికి నల్లగా, గోధుమ రంగుగా ఉంటాయి. నావీ అంతే. కోసిన పట్టీతో పాటు ఆ నలుపు పోయి, కొత్త అంచు గులాబీ రంగులో మానింది, దాని పైన పాత నలుపు అలాగే ఉంది. కొన్నాళ్ళు రెండు రంగుల గీత స్పష్టంగా కనిపించేది. నలుపు మెల్లగా మళ్ళీ దిగుతోంది, ఇప్పుడు గీత పలచబడింది. రంగు తీసే చికిత్స కూడా ఉంది గానీ అది జబ్బు కాదని, కావాలంటే తప్ప అక్కర్లేదని ప్రొఫెసర్ గారన్నారు. నేను వద్దన్నాను.

జూన్ 28న చూపించినప్పుడు ఎడమ పక్క పన్ను దగ్గర చిగురు అర మిల్లీమీటరు కిందికి వచ్చింది. మూడు నెలలు ఆగితేగానీ అంచు ఎక్కడ నిలబడుతుందో తెలియదని అప్పటిదాకా ముట్టుకోలేదు. కొద్దిగా మత్తిచ్చి కరెంటు సూదితో సరిచేశారు. కాలిన వాసన తప్ప ఇంకే బాధా లేదు, డబ్బు తీసుకోలేదు. సెప్టెంబరు 27న చివరి ఫోటోలు. మళ్ళీ మెస్ కబుర్లు, మళ్ళీ వీడియో. పన్ను 10.5, చిగురు రెండున్నర, ఎడమ వైపు మూడు. మార్చిలో వేసిన లెక్కకి సరిగ్గా సరిపోయింది.

మిగిలిన రెండున్నరా పెదవి పని. దానికి దారులు రెండు చెప్పారు. ఒకటి బోటాక్స్, కండరాన్ని కొన్నాళ్ళు వదులు చేసే ఇంజెక్షన్. ముక్కు రెక్క పక్కన, పెదవిని లేపే మూడు కండరాల దారులు దగ్గరపడే చోట చెరొక చిన్న చుక్క. ఆ చోటుకి సియోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయం పేరే ఉంది. మూడు నుంచి ఆరు నెలలు పనిచేస్తుంది, తరవాత మళ్ళీ వేయించుకోవాలి. బయట అడిగితే ఒక్కసారికి ₹6,000 అన్నారు. రెండోది పెదవి లోపలి పొరలో ఒక పట్టీ తీసేసి, పెదవి ఎక్కువ లేవకుండా కుట్టేయడం. కొంతమందిలో కొన్ని నెలలకి మళ్ళీ మునుపటిలా లేస్తుందని కర్నూలు అమ్మాయే చెప్పింది. నాకు మదనపల్లె తాతగారు, ఆయన భార్య సంచిలోంచి తీసిన ఫోటో గుర్తొచ్చాయి. నా పెదవి ఎలాగూ దానంతటదే దిగుతుంది. ఇప్పుడు లేవగలుగుతున్నదాన్ని డబ్బిచ్చి కట్టేయించుకోవడం నాకిష్టం లేదు. రెండూ వద్దన్నాను. మొత్తం ఖర్చు ఆటోలు కాకుండా ₹13,600.

మా అక్కకీ నాకూ ఒకటే నవ్వని ఊళ్ళో అందరూ అంటారు. నాది చూసి తనూ చేయించుకుంటానంది. అక్టోబరు 11న తీసుకెళ్ళాను. అదే బెంచీ, అదే "అమ్మా అని పెదాలు వదిలేయండి". అక్క ముందు పన్ను 10.5 మి.మీ., పూర్తిగా బయటే ఉంది. పెదవి లేచేది 7, మామూలే. కానీ పెదవి కదలకుండానే పళ్ళు ఎక్కువ కనిపిస్తున్నాయి, మొహం కింది భాగం పొడుగు. ఎక్స్‌రేలో పై దవడ ఎముకే నిలువుగా ఎక్కువని తేలింది. తనకి చిగురు కోస్తే పంటి వేరు బయటపడుతుంది తప్ప లాభం లేదన్నారు. సరిచేయాలంటే దవడ ఆపరేషన్, దానికంటే ముందు పళ్ళకి తీగలు, రెండేళ్ళ పని. అక్క "నాకేమీ వద్దు తల్లీ" అని లేచింది. చీటీకి ₹100, ఎక్స్‌రేలకి ₹600 కట్టి, దారిలో పిల్లాడికి దీపావళి టపాసులు కొనుక్కుని ఇంటికొచ్చాం.